ఉద్యోగుల వివరాలు సరిదిద్దితేనే లెక్క తేలేది

బయ్యారం: సర్వీసు రిజిస్టరులో ఒక పేరు, వేతన బిల్లులో మరో పేరు, ఆధార్‌లో ఇంకో పేరు. మనిషి ఒక్కరే అయినా కంప్యూటరు లెక్కలో ముగ్గురవుతారు. ప్రభుత్వ కార్యాలయాల్లో ఉద్యోగుల సమాచారాన్ని విశ్లేషించేటప్పుడు తరచూ ఎదురయ్యే చిక్కు ఇదే. జిల్లా మారిన బయ్యారం వంటి మండలాల్లో ఈ విషయంలో మరింత జాగ్రత్త అవసరం.

మారిన జిల్లా, మారిన జోన్లు

ఖమ్మం జిల్లాలో ఉన్న బయ్యారం, గార్ల మండలాలు 2016 అక్టోబరు 11న ఏర్పడిన మహబూబాబాద్ జిల్లాలో చేరాయి. 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులతో రాష్ట్రం 7 జోన్లు, 2 మల్టీ జోన్లుగా మారింది. మహబూబాబాద్ జిల్లా భద్రాద్రి జోన్ పరిధిలోకి వచ్చింది. కొత్త స్థానిక కేడర్లకు ఉద్యోగులను కేటాయించేందుకు 2021 డిసెంబరు 6న జీవో 317 వెలువడింది. కేటాయింపునకు సీనియారిటీ జాబితాలే ఆధారమయ్యాయి. ఇటువంటి జాబితాలో ఒక్క తేదీ తప్పు పడినా ఉద్యోగి పనిచేసే జిల్లాయే మారిపోవచ్చు.

తప్పులు దొర్లేది ఇక్కడే

పేర్లు: బానోత్-బానోతు, భూక్య-భూక్యా, గుగులోత్-గుగులోతు వంటి ఇంటిపేర్లను ఒక్కొక్కరు ఒక్కో విధంగా రాస్తారు. కొన్నిచోట్ల ఇంటిపేరు ముందు, మరికొన్నిచోట్ల చివర వస్తుంది. ఒకే పేరున్న ఇద్దరు ఉద్యోగులూ ఉంటారు. కాబట్టి పేరు ఒక్కటే చూసి వరుసను తొలగించరాదు.

తేదీలు: 05-08-1966 అంటే మన వాడుకలో ఆగస్టు 5. నెలను ముందు చదివేలా అమర్చిన కంప్యూటరుకు అది మే 8. 61 ఏళ్లు నిండిన నెల చివరి రోజున పదవీ విరమణ చేసే ఉద్యోగి 2027 ఆగస్టు 31న దిగిపోవాలి. తప్పు తేదీ ప్రకారం మే 31కే దిగిపోవాలి. అంటే మూడు నెలల వేతనం పోయినట్లే.

హోదాలు: ఎస్‌జీటీ, ఎస్.జి.టి., సెకండరీ గ్రేడ్ టీచర్ అని మూడు రకాలుగా రాస్తే ఒకే పోస్టు మూడు పోస్టులుగా కనిపిస్తుంది.

సంఖ్యలు: 12 అంకెల ఆధార్ సంఖ్యను ఎక్సెల్‌లో మామూలుగా నమోదు చేస్తే కుదించిన రూపంలో కనిపిస్తుంది. సున్నాతో మొదలయ్యే సంఖ్యలలో ఆ సున్నా ఎగిరిపోతుంది. ఆ గడిని ముందుగానే అక్షర రూపానికి మార్చుకోవాలి.

సరిచేసే క్రమం

మొదట అసలు ప్రతిని ముట్టుకోకుండా భద్రపరచి, నకలుపైనే పనిచేయాలి. ప్రతి ఉద్యోగినీ పేరుతో కాక ట్రెజరీ ఐడీతో గుర్తించాలి. హోదాలు, మండలాలు, కార్యాలయాల పేర్లకు ఒకే ప్రామాణిక జాబితా తయారుచేసి, అందులో నుంచే ఎంచుకునేలా చూడాలి. పనిచేసిన చోటు రాసేటప్పుడు నాటి జిల్లాకు ఒక గడి, నేటి జిల్లాకు మరో గడి ఉండాలి. పాత ఖమ్మం సర్వీసును చెరిపి మహబూబాబాద్ అని రాస్తే ఆ ఉద్యోగి చరిత్రే తారుమారవుతుంది.

అనుమానం వచ్చిన ప్రతి వివరాన్నీ సర్వీసు రిజిస్టరుతో సరిచూడాలి. పుట్టిన తేదీ విషయంలో అందులోని నమోదే అంతిమం. ఏ మార్పు ఎవరు, ఎప్పుడు, ఏ ఆధారంతో చేశారో పక్కనే రాయాలి. చివరగా ఉద్యోగికి చూపించి సంతకం తీసుకోవాలి.

సరిచూసుకునే సూత్రం

మంజూరైన పోస్టుల సంఖ్య, పనిచేస్తున్నవారు, ఖాళీలు కలిపిన మొత్తానికి సమానం కావాలి. కాకుంటే ఎక్కడో తప్పున్నట్లే. బదిలీపై వెళ్లిన ఉపాధ్యాయుని పేరు పాత పాఠశాలలోనే మిగిలిపోతే అక్కడి ఖాళీ కాగితంపై కనిపించదు. ఖాళీ కనిపించకపోతే కొత్త ఉపాధ్యాయుడు రాడు. ఆ నష్టం భరించవలసింది తండాలో చదివే పిల్లలే.

ఉద్యోగులు సైతం ఏడాదికొకసారి తమ సర్వీసు రిజిస్టరు, వేతన బిల్లు, ఆధార్, బ్యాంకు ఖాతాలలోని పేరు, పుట్టిన తేదీలను పోల్చి చూసుకోవాలి. పింఛను కాగితాలు పంపే వేళ బయటపడే తేడాను దిద్దుకోవడం కన్నా ముందే గమనించడం మేలు.