ప్రైవేటు జైళ్లలో ఖైదీల పౌరహక్కులు: అమెరికా

ప్రైవేటు కంపెనీ నడిపే జైల్లో ఖైదీకి అన్యాయం జరిగితే పరిహారం ఎవరిని అడగాలి? అమెరికాలో ఈ ప్రశ్నకు మూలాలు 1871 నాటివి. రైల్వే పనికి కాంట్రాక్టరుకు అప్పగించిన ఖైదీ ఒకరు కాపలాదారును చంపిన రఫిన్ కేసులో, శిక్ష ముగిసేదాకా ఖైదీ రాష్ట్రానికి బానిసతో సమానమని వర్జీనియా న్యాయస్థానం ఆ ఏడే తేల్చింది. కు క్లక్స్ క్లాన్ దౌర్జన్యాలను అణచడానికి కాంగ్రెస్ పౌరహక్కుల చట్టం చేసిందీ ఆ ఏడే. రాష్ట్రాధికారం చేతబట్టుకుని హక్కులు హరించేవారిపై దావాకు వీలిచ్చే ఆ నిబంధనే నేటి సెక్షన్ 1983.

1983లో టెనెసీలో కరెక్షన్స్ కార్పొరేషన్ ఆఫ్ అమెరికా పుట్టాక జైళ్ల నిర్వహణ పెద్ద వ్యాపారమైంది. కాంట్రాక్టు మీద వచ్చి వైద్యం చేసే డాక్టరుకు కూడా ఈ సెక్షన్ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1988లో వెస్ట్ కేసులో చెప్పింది. 1997 నాటి రిచర్డ్‌సన్ కేసు ఇంకా ముఖ్యం. సర్కారు సిబ్బందికి దావాల నుంచి ఉండే పరిమిత రక్షణ ప్రైవేటు గార్డులకు లేదని అయిదుగురు న్యాయమూర్తులు తీర్పిచ్చారు, నలుగురు విభేదించారు. పోటీ, బీమా ఉన్న కంపెనీకి ఆ రక్షణ అక్కర్లేదన్న వాదన నేటికీ బలమైనదే. అయితే కంపెనీనే బోనెక్కించాలంటే, గార్డు తప్పు చేశాడంటే చాలదు. కంపెనీ విధానమో ఆనవాయితీయో ఆ హానికి కారణమని చూపాలని చాలా ఫెడరల్ అప్పీలు కోర్టులు అంటున్నాయి.

ఫెడరల్ ఖైదీల గతి వేరు. సెక్షన్ 1983 రాష్ట్రాధికారానికే పరిమితం కాబట్టి, వారికి ఫెడరల్ అధికారులపై నేరుగా దావాకు వీలిచ్చిన 1971 నాటి బివెన్స్ తీర్పే ఆధారం. న్యూయార్క్‌లో ప్రైవేటు కంపెనీ నడిపే కేంద్రంలో ఉన్న గుండె జబ్బు ఖైదీని లిఫ్టు ఎక్కనివ్వక మెట్లెక్కించగా గుండెపోటు వచ్చింది. ఆ మాలెస్కో కేసులో, 2001లో, బివెన్స్ కింద కంపెనీపై దావా చెల్లదన్నారు. కాలిఫోర్నియాలోని టాఫ్ట్ జైల్లో రెండు మోచేతులు విరిగిన ఖైదీ సిబ్బందిపై వేసిన దావాకూ 2012లో మినెచీ కేసులో అదే గతి పట్టింది. రాష్ట్ర చట్టాల కింద మామూలు నష్టపరిహార దావా ఉంది కదా అన్నది కోర్టు సమాధానం. మినెచీ కేసులో విభేదించింది జస్టిస్ గిన్స్‌బర్గ్ ఒక్కరే. సర్కారు జైల్లో ఉంటే దక్కే హక్కు, కాంట్రాక్టు జైలుకు పంపినంత మాత్రాన పోవడమేమిటన్న ఆమె అభ్యంతరం న్యాయమైనది. ఏ జైలుకు వెళ్లాలో ఎంచుకునే వీలు ఖైదీకి లేదు.

ఫెడరల్ న్యాయశాఖ ప్రైవేటు జైళ్ల ఒప్పందాలు పొడిగించరాదని 2021లో బైడెన్ ఆదేశించారు. వలసదారుల నిర్బంధ కేంద్రాలకు అది వర్తించలేదు. 2025 జనవరిలో ట్రంప్ ఆ ఆదేశాన్నీ రద్దు చేశారు.