పులికాట్ గళ్ళు: ఎవరి మచ్చు, ఎవరి నకలు?

ఇంగ్లీషువాళ్ళ పెద్ద నిఘంటువు తిరగేస్తే 'పల్లికేట్' అని ఒక మాట కనబడుతుంది. రంగు గళ్ళ చేతిరుమాలు అని అర్థం. మొదట పులికాట్‌లో నేసిన రుమాలుకు ఆ పేరు ఉండేది. తర్వాత దాన్ని చూసి వేరేచోట నేసిన రుమాలుకూ అదే పేరు పెట్టేశారు. పులికాట్ అంటే పళవేర్కాడు. తిరుత్తణి ఉన్న తిరువళ్ళూరు జిల్లాలోనే, తూర్పు కొసన, ఉప్పునీటి సరస్సు పక్కన ఉంటుంది. మా జిల్లా ఊరిపేరు తగిలించుకున్న గుడ్డ నేసి, మా జిల్లా ముఖం కూడా చూడనివాళ్ళు గ్లాస్గో చుట్టుపక్కల ఎన్నో ఊళ్ళలో పొట్ట పోసుకున్నారన్నమాట. ఇది దొంగతనమా, కాదా అన్నదే ఈసారి మేము రాయాలనుకున్న సంగతి.

మా పెద్దలది తిరుత్తణి పక్క పల్లె. ఆ తాలూకా 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి పోయింది. 1997లో తిరువళ్ళూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వచ్చింది. మనుషులు కదల్లేదు, హద్దు కదిలింది. ఆ తర్వాత మావాళ్ళు కర్ణాటకకు వచ్చేశారు, మేము కన్నడ మీడియంలో చదువుకున్నాం. కన్నడ బడిలో 'నకలు' అంటే పరీక్షలో పక్కవాడిది చూసి రాయడం. తెలుగులో నకలు అంటే రిజిస్ట్రారు ఆఫీసులో ముద్ర వేసి ఇచ్చే కాగితం. అంతకంటే వింత 'చూచిరాత'. పిల్లలకు అక్షరం కుదరాలని పెట్టేదీ చూచిరాతే, పరీక్ష హాలు కిటికీలోంచి చీటీలు అందిస్తే పేపర్లో వేసేదీ చూచిరాతే. నేర్చుకోవడానికీ మోసానికీ ఒకటే మాట!

ఇక పులికాట్ చరిత్రకు వద్దాం. విజయనగర ప్రభువు వేంకటపతి రాయలు ఒప్పుకున్నాక 1610లో డచ్చి కంపెనీ అక్కడ కుదురుకుంది. 1613కల్లా గెల్డ్రియా కోట లేచింది. 1690లో నాగపట్నానికి మారేదాకా ఈ తీరంలో వాళ్ళ ముఖ్యస్థానం ఇదే. వాళ్ళకు కావలసింది గుడ్డ. తూర్పు దీవుల్లో లవంగం, జాజికాయ, మిరియం కొనాలంటే అక్కడ చెల్లేది ఈ తీరపు గుడ్డే. డచ్చివాళ్ళకూ నేతగాళ్ళకూ నడుమ నిలబడింది తెలుగు బలిజ వర్తకులు. డచ్చివాళ్ళు 'మలయ' అని పిలిచిన అచ్యుతప్ప చెట్టి, ఆయన తమ్ముడు చిన్నన్న, వీళ్ళ పేర్లు కంపెనీ కాగితాల్లో బాగా కనిపిస్తాయి. నేసినవాళ్ళ పేర్లు మాత్రం కనిపించవు. ఈ తేడాను మనసులో పెట్టుకోండి, మళ్ళీ పని పడుతుంది.

వ్యాపారం నడిచింది మచ్చు మీద. ఫలానా దీవిలో ఏ రంగు, ఎంత గడి అమ్ముడుపోతుందో చూసి, ఆ గుడ్డ ముక్కను మచ్చుగా పంపేవాళ్ళు. వర్తకుడు నేతగాడికి బయానా ఇచ్చి, మచ్చు చూపించి నేయించేవాడు. తయారైన గుడ్డను మచ్చు పక్కన పెట్టి చూసేవాళ్ళు. సరితూగకపోతే కిందిరకం కింద కట్టి ధర కోసేవాళ్ళు, లేదా వెనక్కి కొట్టేవాళ్ళు. మేము చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఉండాల్సినదాన్నీ ఉన్నదాన్నీ పక్కపక్కన పెట్టి తేడా పట్టుకోవడమే మా జీతం. నాలుగు వందల ఏళ్ళ కిందట పులికాట్ గోదాములో చేసిన పని ఇదే కదా అని నవ్వొచ్చింది.

అంటే ఆ నేతగాడు నేసింది ఇంకొకడి మచ్చు చూసే. ఇది ఒప్పుకోవాలి. గుజరాత్ పటోలాకు తూర్పు దీవుల్లో రాజమర్యాద ఉండేది. అంత ఖరీదు పెట్టలేనివాళ్ళ కోసం అదే బొమ్మను నూలుగుడ్డ మీద అద్దకంతో దింపి పంపినవాళ్ళలో గుజరాత్‌వాళ్ళతో పాటు మన తీరంవాళ్ళూ ఉన్నారు. ఇంకో కథ కూడా తిరుగుతుంటుంది. మద్రాసులో ఉన్న స్కాట్లండ్ సిపాయిల టార్టన్ చూసి మనవాళ్ళు గళ్ళు నేర్చినారట! మేము దీన్ని నమ్మం. ఆ సిపాయిలు రాకముందే పులికాట్ గళ్ళు ఓడలెక్కి పోతున్నాయి. కానీ టార్టన్ చూసినాక మనవాళ్ళు దాన్నీ నేసి ఉంటారంటే ఎందుకు కాదనాలి? నేతలో కన్ను ఊరికే ఉండదు.

గీతను చూసి గీసుకోవడం ఒకటి, పనిగుట్టు లాగడం ఇంకొకటి. ఎర్రరంగు ఉతికినా పోకుండా నిలబెట్టే విద్య అప్పటి యూరపులో సరిగ్గా లేదు, మనకు చిరివేరుతో ఉండేది. ఫ్రెంచి పాద్రి కూర్దూ, తెలుగు బాగా వచ్చినాయన, 1742లో ఒక పెద్ద ఉత్తరం రాశాడు. గుడ్డను కరక్కాయతో ఎలా పదును పెట్టాలి, పాలలో ఎందుకు ముంచాలి, పటిక ఎక్కడ, చిరివేరు ఎప్పుడు అని వరసగా చెప్పాడు. ఇదంతా ఆయనకు తెలిసింది కొత్తగా తన మతంలో చేరిన అద్దకం పనివాళ్ళను అడిగి. ఉత్తరం ఫ్రాన్సులో అచ్చయింది. ఆయన చూపులో అది దేశసేవ. చెప్పినవాళ్ళ చూపులో ఏమిటో ఎవరూ రాయలేదు. గురువు అడిగితే చెప్పారు, అంతే. ఇంగ్లండు 1700లోనూ 1721లోనూ చట్టాలు చేసి మన అద్దకం గుడ్డకు తలుపు మూసింది. ఆ మూసిన తలుపు వెనకే అక్కడివాళ్ళు అదే పని నేర్చుకున్నారు.

18వ శతాబ్దం చివరికల్లా గ్లాస్గో దేశంలో పల్లికేట్లు నేస్తున్నారు. ఆ నేసినవాళ్ళు దొరలేం కాదు, ఇంట్లో మగ్గం పెట్టుకొని, ముక్కకింత అని కూలికి నేసిన బీదవాళ్ళు. ఆవిరి మగ్గం వచ్చాక వాళ్ళ కూలీ కూడా మనవాళ్ళ కూలీలాగే పడిపోయింది. అందుకే మాకు వాళ్ళ మీద కోపం రాదు. ఒక నేతగాడు ఇంకో నేతగాడి గళ్ళు చూసి, తన చేత్తో నేసి, కడుపు నింపుకున్నాడు. పేరు మాత్రం మన ఊరిది వాడుకున్నాడు. అదొక్కటే గుచ్చుకుంటుంది.

కోపం వచ్చేది 1866 దగ్గర. లండన్‌లో ఇండియా మ్యూజియం చూసుకునే జాన్ ఫోర్బ్స్ వాట్సన్ అనే డాక్టరు, మన దేశపు గుడ్డల ముక్కలు కత్తిరించి 18 సంపుటాల్లో అంటించాడు. మొత్తం 700 నమూనాలు. అలాంటి సెట్లు 20 కట్టించి, 13 బ్రిటన్ ఊళ్ళకు, 7 ఇండియాకు ఇచ్చాడు. ఎందుకో ఆయన దాచలేదు. ఇండియా జనం ఏం కట్టుకుంటారో మాంచెస్టర్, గ్లాస్గో మిల్లువాళ్ళు చూసి, అచ్చం అలాంటివే చేసి మనకే అమ్మాలి. చీర ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, అంచు ఎంత వెడల్పుండాలో తెలీక మిల్లువాళ్ళు తప్పులు చేస్తున్నారు, ఆ తప్పులు దిద్దడానికే ఆ పుస్తకం. పొడవు, వెడల్పు, బరువు, దొరికిన ఊరు, అన్నీ ఉన్నాయి. నేసినవాడి పేరుకు గడి లేదు. అచ్యుతప్ప చెట్టి కాలంలో వర్తకుడి పేరైనా మిగిలింది. ఇక్కడ అదీ లేదు.

స్కాట్లండ్ పేద నేతగాడికీ ఈ పుస్తకానికీ తేడా ఎక్కడుంది అని మేము చాలా రోజులు తన్నుకున్నాం. రెండూ నకళ్ళే. వాట్సన్ పుస్తకం మాత్రం తయారుచేసినవాడి గుడ్డను, తయారుచేసినవాడి ఇంటి ముందే, తక్కువ ధరకు అమ్మడానికి పుట్టింది. అదీ పన్నుల అధికారం చేతిలో ఉన్నవాళ్ళ తరఫున. ఎదుటివాడు వాళ్ళ గోదాముల్లోకి పోయి మచ్చు కత్తిరించుకోగలడా? రెండు దిక్కులా నడవని దారిని ఇచ్చిపుచ్చుకోవడం అనలేం.

ఈ తగవు గుడ్డకే ఉన్నది కాదు. చేత్తో కత్తులు చేసేవాళ్ళలోనూ ఉంది. అమెరికాలో బాబ్ లవ్‌లెస్ అని పేరుమోసిన కత్తుల పనివాడు ఉండేవాడు, 2010లో పోయాడు. మొన కిందికి వాలిన ఆయన వేట కత్తిని లోకమంతా చూసి చేసింది. ఆయనే 1977లో ఇంకొకరితో కలిసి, కత్తి ఎలా చెయ్యాలో పుస్తకం రాసి పనిగుట్టు బయటపెట్టాడు. ఇప్పటికీ పద్ధతి తెలిసిన పనివాడు 'ఇది లవ్‌లెస్ తీరు' అని చెప్పి, తన ముద్ర వేసి అమ్ముతాడు. దాన్ని ఎవరూ తప్పు పట్టరు. లవ్‌లెస్ ముద్రే కొట్టి అమ్మినవాళ్ళూ ఉన్నారు, వాళ్ళను మోసగాళ్ళంటారు. గీత అందరిదీ కావచ్చు, ముద్ర ఒకడిదే.

నైజీరియాలో కలబారీ జనం కథ మాకు ఇంకా నచ్చింది. మద్రాసు గళ్ళ గుడ్డ వాళ్ళకు పుట్టుకకూ చావుకూ కావాలి, దాన్ని 'ఇంజిరి' అంటారు. మాంచెస్టర్‌వాళ్ళు దీనికీ నకళ్ళు పంపారు. కలబారీ పెద్దలు చేత్తో తడిమి, వాసన చూసి అసలుది పట్టేవాళ్ళు. 'రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్' అని మన చీరాల వైపు నేసిన సరుక్కి పేరులోనే 'రియల్' ఎందుకు చేరిందో వేరే చెప్పాలా? అక్కడి ఆడవాళ్ళు ఇంకో పని చేస్తారు. కొన్న గళ్ళ గుడ్డలోంచి చిన్న కత్తితో ఎంచిన పోగులు తెంపి లాగేసి, గళ్ళ మీద కొత్త బొమ్మ తెస్తారు. 'పెలెతే బితే' అంటారు, తెంపిన పోగుల గుడ్డ అని. మన నేతను దాచలేదు, దాని మీద తమ పని చేశారు. మన నేతగాడికి బేరం తగ్గలేదు, పెరిగింది.

తిరుత్తణి వైపుకు వస్తే పళ్ళిపట్టు, ఆర్.కె.పేట, పొదటూరుపేట, అమ్మయ్యార్‌కుప్పం, హద్దుకు అవతల నగరి, అన్నీ మగ్గాల ఊళ్ళు. చేతిమగ్గాలు తగ్గి పవర్‌లూములు జాస్తి అయినాయి. మా బంధువుల్లో రెండు రకాలవాళ్ళూ ఉన్నారు. పెళ్ళి భోజనాల్లో ఒకాయన "మేం నెలల తరబడి కూర్చొని అంచు కడితే, ఫోన్‌లో ఫొటో తీసుకొనిపోయి వారానికే దింపేసినారు" అంటాడు. ఎదురుగా కూర్చున్న బావమరిది "అది సరే బావా, మీ అబ్బ ఎవర్ని చూసి నేసినాడు?" అంటాడు. ఇద్దరికీ అప్పులున్నాయి. పవర్‌లూమ్ పెట్టుకున్నాయన కూడా వేరొకరి ఆర్డరుకు కూలికి నేసేవాడే. ఫొటో తెచ్చింది ఆయన కాదు, ఆర్డరిచ్చిన షావుకారు. ఆయన మాటలో సగం న్యాయం ఉంది. మిగతా సగం ఆ చీర అంగట్లో 'చేనేత' అని చెప్పి అమ్మినప్పుడు పోతుంది.

చట్టం ఏమైనా కాపాడుతుందా? 1985 చట్టం చేనేతకు 22 రకాలు కేటాయించింది, తర్వాత అవి 11కు తగ్గినాయి. చీర, ధోవతి, లుంగీ షరతులతో అందులో ఉన్నాయి, అమలు మీకు తెలిసిందే. 2000 నాటి డిజైన్ల చట్టం కింద కొత్త డిజైన్ రిజిస్టరు చేస్తే 10 ఏళ్ళు, ఇంకో 5 ఏళ్ళు హక్కు. కానీ గుడ్డ బయటికి రాకముందే రిజిస్టరు చెయ్యాలి. రిజిస్టరు చెయ్యకుండా యంత్రంతో 50కి మించి తీస్తే ఆ డిజైన్ మీద కాపీరైటూ పోతుంది. సొంతంగా అంచు కట్టే నేతగాడు ఏ ఆఫీసు చుట్టూ తిరుగుతాడు? భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ, 2004-05లో పోచంపల్లి ఇక్కత్‌కు వచ్చింది. అది పేరుకు కాపలా. 'పోచంపల్లి' అనకుండా అదే బొమ్మను ప్రింటు కొట్టి అమ్మేవాడిని పట్టుకోవడం దానితో కష్టం. అయినా పేరుకు కాపలా చిన్న సంగతి కాదు. పులికాట్‌కు ఆ కాపలా లేకే ఊరిపేరు ఇంగ్లీషు నిఘంటువులో సరుకు పేరై కూర్చుంది. ఇప్పుడు పులికాట్‌లో చేపలు, రొయ్యలు, తాటాకు బుట్టలు, డచ్చివాళ్ళ సమాధులు ఉన్నాయి. రుమాలు లేదు.

చూసి నేసినందుకు మేము ఎవర్నీ దొంగ అనం. అలా అంటే మా ముత్తాతల దగ్గర్నుంచి అనాల్సి వస్తుంది. ఎవర్ని చూసి నేశారో దాస్తే, చేతిపని కానిదాన్ని చేతిపని అంటే, ఆ మొదటివాడు అమ్ముకునే అంగట్లోనే వాడి ధర విరగ్గొడితే, ఈ మూడూ కలిసినచోట దొంగతనం అంటాం. మా ఇంట్లో దీనికి ఒప్పుకోనివాళ్ళు ఉన్నారు. ధర ఎవడికి వీలైనంత వాడు పెట్టుకుంటాడు అని వాళ్ళ వాదన. బీద ఇంటి పిల్లకు కూడా ఆ అంచు చీర దొరికింది కదా అని కూడా అంటారు. ఆ రెండో మాటకు మా దగ్గర సరైన జవాబు లేదు.

కొనేవాళ్ళకు పనికొచ్చేవి రెండు చెప్తాం. ఇక్కత్ అయితే తిప్పి చూడండి. నేసినదైతే బొమ్మ రెండువైపులా ఒకేలా ఉంటుంది, ప్రింటు అయితే చాలావరకు వెనకవైపు వెలిసినట్టు ఉంటుంది. చేనేత అని చెప్తే 2006లో వచ్చిన హ్యాండ్లూమ్ మార్క్ చీటీ ఉందేమో అడగండి. నేసింది ఎవరు, అంచు కట్టింది ఎవరు అని కూడా అడగండి. అంగడాయన చాలాసార్లు చెప్పలేడు. సహకార సంఘం డిపోలో అడిగితే ఊరిపేరు వరకు చెప్తారు, ఒక్కోసారి మనిషి పేరు కూడా. ఆ పేరు బిల్లు వెనక రాసుకొని చీర మడతలో పెట్టేస్తున్నాం.