ఆంగ్ల గాయకుడు నిక్ డ్రేక్: పాటను నిలిపినవారు



నేడు నేను మీకు విన్నవింపబూనినది ఒక ఆంగ్ల గాయకుని చరిత్ర. ఆతని పేరు నికొలస్ డ్రేక్. లోకము నిక్ డ్రేక్ అని పిలుచును. ఆతడు జీవించినది 26 సంవత్సరములు. వెలువరించినవి మూడు రికార్డులు. అవి వెలువడిన కాలమున వానిలో ఏ యొక్కటియు 5,000 ప్రతులకు మించి అమ్ముడుపోలేదు. 1974 వ సంవత్సరమున ఆతడు మరణించినపుడు ఆతని పేరెరిగినవారు బహుస్వల్పము. నేడో, ఆతని పాటలు ఖండాంతరముల వినబడుచున్నవి. గిటారు నేర్చువారు ఆతని వ్రేళ్ల పోకడలను పాఠముగా నేర్చుచున్నారు.

పెద్దలైన మీరు, "ఎక్కడి ఇంగ్లండు, ఎక్కడి గిటారు, ఈ కథ మనకేల?" అని అడుగవచ్చును. అడుగదగిన ప్రశ్నయే. పాటలు కట్టి పాడువాడు ప్రతి దేశమునను, ప్రతి యూరను పుట్టుచునే యున్నాడు. వాని కాలము వానిని వినకపోయినచో ఆ పాట ఏమగును? దానిని నిలుపువారెవరు? ఈ ప్రశ్నకు నిక్ డ్రేక్ చరిత్రములో స్పష్టమైన సమాధానము కలదు. అందువలననే ఈ కథను ఎన్నుకొంటిని.

ఆతడు పుట్టినది ఇంగ్లండులో కాదు; రంగూనులో, 1948 జూన్ 19 వ తేదీన. రంగూను పేరు మన తీరమువారికి క్రొత్తది కాదు. విశాఖపట్టణము, గోదావరి మండలములనుండి వేలకొలది తెలుగువారు ఓడలెక్కి అచ్చటి బియ్యపు మిల్లులలోను, రేవులోను కూలికి పోయిరి. మన కోరంగి రేవు పేరే బర్మాలో వారికి పేరై నిలిచెను. ఆ నగరముననే నిక్ తండ్రి రాడ్నీ డ్రేక్ టేకు కలప వ్యాపారము చేయు బొంబాయి బర్మా ట్రేడింగ్ కార్పొరేషనులో ఇంజనీరుగా నుండెను. 1942 లో జపానువారు బర్మాపై దండెత్తినపుడు మన కూలిజనము అడవులు, కొండలు దాటి కాలినడకను దేశము చేరవలసివచ్చెను; త్రోవలో ప్రాణములు విడిచినవారు అనేకులు. ఆ యాపదయందే రాడ్నీ భార్య మోలీయు తన సోదరితో ఢిల్లీ చేరెను. దొరసానుల ప్రయాణమును కూలివాని ప్రయాణమును ఒక్కటి యని నేననుట లేదు. కాని వారిని తరిమిన యుద్ధము మాత్రము ఒక్కటియే.

ఢిల్లీలో ఆ సోదరీమణులిద్దరును ఆకాశవాణిలో పాటలు పాడిరి. మోలీ పియానో వాయించుచు స్వయముగా పాటలు కట్టునది. యుద్ధము ముగిసి, బర్మా స్వతంత్రమైన పిదప, 1950 ప్రాంతమున ఆ కుటుంబము ఇంగ్లండు చేరి, వార్విక్‌షైరు మండలములోని టాన్వర్త్-ఇన్-ఆర్డెన్ అను పల్లెలో నివాసమేర్పరచుకొనెను. అచ్చట ఆమె పాడిన పాటలను భర్త ఇంటిలోనే టేపు యంత్రముపై పట్టి యుంచెను. ఈ విషయము జ్ఞప్తియందుంచుకొనుడు. మరల దీని పని పడును.

ఇక ఆ దేశపు పాటల సంగతి రెండు మాటలు చెప్పవలెను. యంత్రశాలలు పెరిగి జనులు పట్టణములకు తరలిన తరువాత ఇంగ్లండులో పల్లెపాటలు మరుగున పడసాగెను. 1903 లో సెసిల్ షార్ప్ అను సంగీతోపాధ్యాయుడు సోమర్సెట్ మండలములో ఒక తోటమాలి పాడుచుండగా విని, ఆ పాటను వ్రాసికొనెను. అది మొదలుగా ఆయన ఊరూర తిరిగి వేలకొలది పాటలు సేకరించెను. 1950, 1960 దశకములలో యువకులు ఆ పాటలను మరల చేపట్టిరి. లండను సోహో పేటలోని నేలమాళిగలలో రాత్రులు గిటారు పుచ్చుకొని పాడు గోష్ఠులు వెలసెను. మార్టిన్ కార్తీ వంటివారు ప్రాచీనగీతములను పాడిరి. డేవీ గ్రేహమ్ అను వాదకుడు గిటారు తంత్రులకు క్రొత్త శ్రుతి నొకదానిని కల్పించి, తూర్పుదేశముల బాణీలను అందులో పలికించెను. ఈ గాలి సోకి తమ పాటలు తామే కట్టుకొను యువకులు బయలుదేరిరి. నిక్ డ్రేక్ వారిలో నొకడు.

మార్ల్‌బరో పాఠశాలలో చదువుచుండగా 1965 లో ఆతడు 13 పౌనులకు తన మొదటి గిటారు కొనెను. పిమ్మట కొన్ని మాసములు ఫ్రాన్సు దేశమున ఏక్స్ నగరములో గడిపి, 1967 అక్టోబరులో కేంబ్రిడ్జిలోని ఫిట్జ్‌విలియమ్ కళాశాలలో ఆంగ్లసాహిత్యము చదువుటకు చేరెను. చదువుకంటె గిటారు మీదనే శ్రద్ధ. గంటలకొలది ఒకే పలుకుబడిని సాధకము చేయుట ఆతని అలవాటు.

ఆతని విద్యలోని విశేష మిది. గిటారుకు ఆరు తంత్రులు. వానిని మీటు లోకసిద్ధమైన శ్రుతి యొకటి కలదు. నిక్ దానితో తృప్తిపడక, ఒక్కొక్క పాటకు ఒక్కొక్క విధముగా తంత్రులను బిగించుచు, సడలించుచు క్రొత్త శ్రుతులు కట్టెను. కుడిచేతి బొటనవ్రేలు మంద్రతంత్రులపై లయను నడపుచుండగా తక్కిన వ్రేళ్లు పైతంత్రులపై వేరొక నడకను అల్లుచుండును. వినువారికి ఇద్దరు వాయించుచున్నట్లు తోచును. గొంతు మాత్రము మిక్కిలి మెత్తనిది, చెవియొగ్గి వినవలసినది. 'రివర్ మాన్' అను పాట ఐదు మాత్రల నడకపై సాగును. మనకు ఖండగతి పరిచితమే. పాశ్చాత్యుల పాటలలో అది అరుదు.

1967-68 శీతకాలమున లండనులోని రౌండ్‌హౌస్ అను మందిరములో ఆతడు పాడుచుండగా ఆష్లే హచింగ్స్ అను వాదకుడు చూచి, రికార్డులు తీయించు జో బాయిడ్ అను అమెరికా దేశీయునకు చెప్పెను. బాయిడ్ ఆ పాటలు విని వెంటనే ఒడంబడిక చేసికొనెను. చెల్సీ పేటలో, పూర్వము పాలడిపోగా నుండిన కట్టడములోని శబ్దశాలలో, జాన్ వుడ్ అను నిపుణుడు ఆ పాటలను పట్టెను. వాద్యబృందమును కూర్చుటకు మొదట పేరున్న యొకనిని పిలిపింపగా ఆ కూర్పు నిక్‌కు నచ్చలేదు. ఇరువదియేండ్ల పిల్లవాడు, నోరెత్తి మాటాడుటకే జంకువాడు, "ఇది కాదు, కేంబ్రిడ్జిలో నా మిత్రుడొకడు కలడు, ఆతడు చేయగలడు" అని పట్టుపట్టెను. ఆ మిత్రుడు రాబర్ట్ కిర్బీ. ఆతని కూర్పు విన్న పెద్దలు నిక్ మాటయే సరియని ఒప్పుకొనిరి. అట్లు 1969 లో మొదటి రికార్డు 'ఫైవ్ లీవ్స్ లెఫ్ట్' వెలువడెను. ఇంక ఐదాకులే మిగిలినవని దాని యర్థము. చుట్టుకొను సిగరెట్టు కాగితముల కట్టలో చివర నుండు హెచ్చరిక అది.

రికార్డు అమ్ముడుపోలేదు. కారణములు వెదకినచో ఒకరిని తప్పుపట్టుటకు వీలులేదు. ఆ కాలమున గాయకుడు ఊరూర తిరిగి పాడినగాని రికార్డు అమ్ముడుపోదు. 1969 సెప్టెంబరులో లండనులోని రాయల్ ఫెస్టివల్ హాలులో ఆతడు పాడగా సభ శ్రద్ధతో వినెను. కాని తరువాత మద్యశాలలలోను, విద్యార్థుల సభలలోను పాడవలసివచ్చినపుడు మాటల సందడిలో ఆ మెత్తని గొంతు మునిగిపోయెను. పాటపాటకు శ్రుతి మార్చవలెను గదా! ఆ నడిమి వేళ చమత్కారముగా నాలుగు మాటలాడి సభను నిలుపుకొను నేర్పు ఆతనికి లేదు. క్రమముగా సభలనే మానుకొనెను. చదువు ముగియుటకు తొమ్మిది మాసములు ముందుగానే కేంబ్రిడ్జిని విడిచివచ్చినవానికి ఈ నిరాశ పెద్ద దెబ్బ. 1971 లో పెద్ద వాద్యములతో వచ్చిన రెండవ రికార్డు 'బ్రైటర్ లేటర్' గతియు అంతియే.

ఆ యేటి అక్టోబరులో రెండు రాత్రులు, పదునొకండు గంటలు దాటిన పిదప, అదే శబ్దశాలలో ఆతడును జాన్ వుడ్డును మాత్రమే కూర్చుండి మూడవ రికార్డును ముగించిరి. గొంతు, గిటారు, ఒక్క పాటలో కొంచెము పియానో. అంతకు మించి యేమియు లేదు. పదునొకండు పాటలు, ఇంచుమించు 28 నిమిషములు. 'పింక్ మూన్' అను పేర 1972 లో వెలువడెను. అదియు అమ్ముడుపోలేదు.

అప్పటికే ఆతనిని మనోవ్యాధి పట్టుకొనియుండెను. తలిదండ్రుల యింటికి తిరిగి వచ్చి, మాటలు తగ్గి, దినముల తరబడి మౌనముగా నుండెను. తండ్రి ఆతని స్థితిని దినచర్యగా వ్రాయుచు వైద్యులను సంప్రతించుచుండెను. 1974 నవంబరు 25 వ తేదీన, వైద్యులిచ్చిన మందు మోతాదు మించుటచే, నిద్రలోనే ఆతని ప్రాణము పోయెను. మరణవిచారణాధికారి అది ఆత్మహత్యయని వ్రాసెను. ఆతనిని ఎరిగినవారిలో కొందరు అది పొరపాటున జరిగినదనియే నమ్మిరి. ఆ వివాదము తేల్చుట నా పని కాదు.

కాని ఒక్క మాట గట్టిగా చెప్పవలసియున్నది. ఆతని దుఃఖమే ఆతని పాటలకు మూలమని, బాధలేనిదే గొప్ప పాట పుట్టదని కొందరు వ్రాయుదురు. చరిత్రము అట్లు చెప్పుట లేదు. మొదటి రికార్డులోని పాటలు ఆతడు మిత్రులమధ్య, ఉత్సాహముతో, రేయింబవళ్లు సాధకము చేసిన కాలమునాటివి. వ్యాధి ముదిరినకొలది పాటలు తగ్గెను. తుదకు 1974 లో మరల శబ్దశాలకు వచ్చినపుడు, పాడుచు వాయించుట ఒక్కసారిగా సాధ్యము కాక, గిటారును వేరుగను గొంతును వేరుగను పట్టవలసివచ్చెను. వ్యాధి పాట నీయలేదు. ఉన్న పాటను మ్రింగినది. మన యిండ్లలో పిల్లవాడు నెలల తరబడి మాటాడక మూలకు చేరినచో, అది కవిలక్షణమని మురియక, సోమరితనమని కసరక, వైద్యునికి చూపవలెను.

ఇక నిలిపినవారి సంగతి. జో బాయిడ్ తన సంస్థను ఐలండ్ రికార్డ్స్ వారికి అమ్మి అమెరికాకు పోవునపుడు ఒక నిబంధన వ్రాయించెను: నిక్ డ్రేక్ రికార్డులను ఎన్నడును అమ్మకపు జాబితానుండి తొలగింపరాదు. అమ్ముడుపోని సరకును నిలువయుంచుమని కోరుట వ్యాపారదృష్టికి వింతయే. కాని ఆ పంక్తి వలన, ఏడాదికి ఏ కొందరో అడిగినను ఆ రికార్డు దొరకుచుండెను. విన్నవాడు మిత్రునికి వినిపించెను; ఆ మిత్రుడు మరియొకనికి. 1979 లో మూడును కలిపి ఒక పెట్టెగా అచ్చువేసిరి.

రెండవవారు తలిదండ్రులు. కుమారుని పాటలు విని, వెదకికొనుచు ఆ పల్లెకు వచ్చిన అపరిచిత యువకులను వారు ఇంటిలోనికి పిలిచి, ఆతని గది చూపి, ఇంటిటేపులను వినిపించిరి. రాడ్నీ 1988 లోను, మోలీ 1993 లోను గతించిరి. అటుపిమ్మట అక్క గాబ్రియెల్ ఆ భారము వహించెను. ఆమె 1944 లో లాహోరులో జన్మించిన నటీమణి. ఇంటిటేపులలోని పాటలు 2007 లో వెలువడెను. 2013 లో తల్లి మోలీ పాటలును ప్రత్యేకముగా వెలువడెను. కుమారుని బాణీలోని నెమ్మది, పలుకుబడి ఎక్కడివో అప్పుడు లోకమునకు తెలిసెను. ఇంటి నాలుగు గోడలమధ్య పాడిన స్త్రీ పాటను భర్త పట్టియుంచకపోయినచో ఆ మూలము మనకు కనబడకయే పోవును.

1999 చివర అమెరికాలో ఒక కారు వ్యాపారప్రకటనయందు 'పింక్ మూన్' పాటను వినిపింపగా అమ్మకములు అనేక రెట్లు పెరిగెను. కొందరు కీర్తి అక్కడనే మొదలైనదందురు. ప్రకటన చేసినది బజారు పని మాత్రమే. పాతికేండ్లు ఆ పాటను చేతికందు చోట ఉంచినవారు లేకున్నచో ప్రకటనకు పాటయే దొరకదు.

టాన్వర్త్ పల్లె దేవాలయపు ఆవరణములో ఆతని సమాధి కలదు. ఎచ్చటెచ్చటి యువకులో వచ్చి చూచిపోవుచుందురు. ఈ గౌరవములో ఒక్క వీసమైనను ఆతనికి బ్రదికియుండగా ముట్టలేదు, ఇక ముట్టదు. పాటను దాచవచ్చునుగాని మన్ననను దాచి పిదప నందించుటకు వీలులేదు.

కావున పెద్దలకు నా మనవి. మీ యూర పదములు పాడు ముదుసలి, తత్త్వములు పాడు బైరాగి, దంపుళ్ల పాటలెరిగిన అవ్వ ఎవరైన నున్నచో, ఆ పాటను వ్రాసి యుంచుడు. వీలున్నచో యంత్రముపై పట్టియుంచుడు. అంతకుముందుగా, ఒక సాయంకాలము వారి యెదుట కూర్చుండి వినుడు. మొదటి పని వారి పిదపనైనను మరియొకరు చేయవచ్చును. రెండవది వారుండగా మీరే చేయవలెను.

సెలవు.