1952: మనబోటి ఇద్దరు ఉద్యోగులు, రెండు చలనచిత్రాలు

సినిమాకు నాయకుడంటే రాజకుమారుడో, ప్రేమికుడో, వీరుడో అయి ఉండాలని లోకం అనుకుంటుంది. వయసు మళ్ళిన ప్రభుత్వోద్యోగిని నాయకుణ్ణి చేయాలంటే గుండె ధైర్యం కావాలి. యుద్ధంలో చితికిపోయిన రెండు దేశాల నుంచి అటువంటి చిత్రాలు రెండు 1952లోనే వచ్చాయి. ముప్పై అయిదేళ్ళు ఫైళ్ళ మధ్య గడిపిన గుమాస్తాగా వాటిని మన సభ్యులకు పరిచయం చేయాలనిపించింది.

మొదటిది ఇటలీలో విట్టోరియో డి సికా తీసిన ‘ఉంబెర్తో డి’. పెన్షను పెంచమని ముసలివారు ఊరేగింపు తీయడం, అనుమతి లేదని పోలీసులు వారిని చెదరగొట్టడంతో కథ మొదలవుతుంది. వారిలో ఉంబెర్తో ఒకడు. వచ్చే పెన్షను అద్దెకు చాలదు. బాకీ తీర్చకపోతే గది ఖాళీ చేయమని ఇంటి యజమానురాలు పట్టుబడుతుంది. గడియారం, పుస్తకాలు అమ్ముకున్నా లాభం లేకపోతుంది. ఒకచోట బిచ్చానికి చెయ్యి చాపుతాడు. దారినపోయే ఆసామి డబ్బు తీయబోగానే, వాన పడుతోందేమో చూస్తున్నట్టు అరచెయ్యి తిప్పేస్తాడు. పరువుగా బతికినవాడి బాధంతా ఆ చేతిలో కనిపిస్తుంది. ఆ పాత్ర ధరించిన కార్లో బాటిస్తి వృత్తినటుడు కాదు, భాషాశాస్త్ర ఆచార్యుడు. దేశాన్ని చెడ్డగా చూపారని అప్పట్లో ప్రభుత్వంలో ఉన్న జూలియో ఆండ్రియోత్తి ఈ చిత్రాన్ని విమర్శించారు.

రెండవది జపానులో అకిరా కురొసావా తీసిన ‘ఇకిరు’. అంటే ‘బ్రతకడం’. వతనబే నగరపాలక కార్యాలయంలో ఒక సెక్షనుకు అధికారి. ముప్పై ఏళ్ళుగా కాగితాల మీద ముద్రలు వేయడమే అతని పని. మురుగుగుంట పూడ్చి పిల్లలకు పార్కు కట్టించమని స్త్రీలు అర్జీ తెస్తే, ప్రతి సెక్షనూ పక్క సెక్షనుకు పొమ్మంటుంది. ఈ తంతు మనకు తెలియనిదా! కడుపులో క్యాన్సరని తెలిశాక వతనబే ఆ ఫైలు పట్టుకుని, పైవారి ముందు ఓపికగా నిలబడి పార్కు కట్టిస్తాడు. మంచు కురిసే రాత్రి అదే పార్కులో ఉయ్యాల ఊగుతూ పాడుకుంటాడు. తకాషి షిమురా నటనకు ఆ ఒక్క దృశ్యం చాలు. అతను పోయాక, అలాగే పనిచేద్దామని తోటివారు ప్రతిన పూనుతారు. మర్నాటికి కథ మామూలే.

ఈ కథనే 2022లో ఇంగ్లండులో ‘లివింగ్’ పేరుతో మళ్ళీ తీశారు. అందులో బిల్ నైయీ నటన కూడా చూడదగినది.

రిటైరైనవాడికి ప్రభుత్వం ఏమి బాకీ ఉందని మొదటి చిత్రం అడుగుతుంది. కుర్చీలో ఉన్నవాడు ప్రజలకు ఏమి బాకీ ఉన్నాడని రెండవది అడుగుతుంది. మొదటి ప్రశ్న మన సంఘం ఎప్పుడూ అడుగుతున్నదే. రెండవదాని కోసం, ఉద్యోగాల్లో ఉన్న మన పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని ‘ఇకిరు’ చూడవలసిందిగా సభ్యులకు నా మనవి.