పటాన్‌చెరు మందుల తయారీలో లోహ ఉత్ప్రేరకాల చరిత్ర

హైదరాబాదు శివార్లలోని పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామికవాడలు మందుల తయారీకి పేరుపొందడం వెనుక ఒక చట్టం ఉంది. 1972లో అమల్లోకి వచ్చిన 1970 నాటి పేటెంటు చట్టం మందుకు కాక, దాన్ని తయారుచేసే పద్ధతికి మాత్రమే హక్కు కల్పించడంతో, తెలిసిన మందుకే కొత్త దారి కనిపెట్టగల రసాయన శాస్త్రజ్ఞుడికి గిరాకీ పెరిగింది. బాలానగర్‌లోని ప్రభుత్వరంగ మందుల సంస్థ ఐడీపీఎల్‌లో పనిచేసిన కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించగా, 1987లో ఆ సంస్థ ఐబుప్రోఫెన్ బల్క్ డ్రగ్‌కు అమెరికా ఎఫ్‌డీఏ ఆమోదం లభించింది.

కర్బనం, ఉదజని మాత్రమే గల హైడ్రోకార్బన్ ఒకటి మందుగా మారే తీరుకు ఐబుప్రోఫెన్‌ను మించిన ఉదాహరణ అరుదు. ఐసోబ్యుటైల్‌బెంజీన్ నుంచి దాన్ని తయారుచేయడానికి బ్రిటన్‌లోని బూట్స్ సంస్థ రూపొందించిన మొదటి పద్ధతిలో ఆరు దశలుండేవి. అందులో వాడే అల్యూమినియం క్లోరైడు చర్యలో పుట్టిన పదార్థాన్నే అంటిపెట్టుకుంటుంది కాబట్టి దాన్ని పూర్తి మోతాదులో పోయాలి; తరువాత నీటితో విడగొట్టినప్పుడు అదంతా ఆమ్లవ్యర్థంగా మిగులుతుంది. ముడిపదార్థాల బరువులో 40 శాతమే మందులోకి చేరేది. 1992లో టెక్సాస్‌లోని బిషప్‌లో మొదలైన మూడు దశల పద్ధతి దాన్ని 77 శాతానికి పెంచింది. దాని చివరి దశను నడిపే ఉత్ప్రేరకం పల్లాడియం సంశ్లిష్టం, అంటే మధ్యనున్న లోహ పరమాణువును లైగాండ్లనే అణువులు చుట్టిపట్టుకున్న సమ్మేళనం. అది కార్బన్ మోనాక్సైడును మందు అణువులో చేర్చి, తాను తిరిగి మొదటి రూపానికి వచ్చి, మళ్లీ అదే పనికి సిద్ధమవుతుంది.

అయితే పేటెంటు చట్టం అడిగింది వేరే దారినే గాని, శుభ్రమైన దారిని కాదు. పారిశ్రామికవాడల వ్యర్థజలాలు నక్కవాగు గుండా మంజీర నది వైపు పారగా, వివాదం 1990లో సుప్రీంకోర్టుకెక్కింది. 1994లో పటాన్‌చెరులో ఉమ్మడి శుద్ధికేంద్రం వెలిసింది.

ఇటు హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) పరిశోధకులు బి.ఎం. చౌదరి, ఎం. లక్ష్మీకాంతం బృందం, బెంజీన్ వలయాలకు ఆల్కీన్లను అతికించే హెక్ చర్య కోసం, మెగ్నీషియం–అల్యూమినియం హైడ్రాక్సైడ్ పొరలపై నిలిపిన పల్లాడియం సూక్ష్మకణాలను 2002లో ప్రకటించింది. ద్రావణంలో కరిగిపోయే సంశ్లిష్టాన్ని వేరుచేయడం కష్టం, పల్లాడియమా ఖరీదైనది. పొరలపై నిలిచిన లోహాన్నైతే వడకట్టి మళ్లీ వాడవచ్చు. చవకైన అల్యూమినియం క్లోరైడును తిరిగి రాబట్టే ఖర్చుకు అలాంటి గిట్టుబాటు లేదు.