కట్ట, తూము, మత్తడి: ఓరుగల్లు చెరువుల నిర్మాణ విజ్ఞానం

వరంగల్: కొండల నడుమ కట్టిన పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు ఎనిమిది శతాబ్దాల తర్వాత కూడా పొలాలకు నీరందిస్తున్నాయి. సిమెంటు, ఉక్కు, యంత్రాలు లేని కాలంలో మట్టి, రాయి, మనుషులు, పశువుల శ్రమతో నిర్మితమైన ఈ జలాశయాలు నేటి ఇంజనీర్లకూ అధ్యయన వస్తువులే. వీటి వైభవాన్ని చెప్పుకోవడం ఎంత అవసరమో, ఇవి ఏ సూత్రాల ఆధారంగా నిలిచాయో, ఏ పొరపాట్ల వల్ల తెగుతాయో తెలుసుకోవడం అంతకన్నా అవసరం. ఇటీవలి వరదలు ఆ సంగతిని ఉమ్మడి జిల్లా ప్రజలకు కఠినంగానే గుర్తుచేశాయి.

నది లేని చోట రాజధాని

ఓరుగల్లు పెద్ద నది ఒడ్డున వెలసిన నగరం కాదు. గోదావరి ఈశాన్యాన దూరంగా ప్రవహిస్తుంది. కృష్ణ దక్షిణాన ఇంకా దూరంలో ఉంది. నడుమనున్న నేల రాతి పొరలతో కూడిన మెట్ట. వాన నాలుగు నెలల్లో కురిసి పోతుంది, రాతి నేల ఆ నీటిని ఎక్కువగా ఇంకించుకోదు. అందుచేత పారే నీటిని ఎక్కడికక్కడ ఆపడం తప్ప ఇక్కడి పాలకులకు మరో మార్గం లేకపోయింది.

కాకతీయ మొదటి ప్రోలరాజు 11వ శతాబ్దిలో కేసరి తటాకాన్ని తవ్వించినట్లు శాసనాలు చెబుతున్నాయి. గణపతిదేవుని పాలనలో (1199-1262) చెరువుల నిర్మాణం పతాక స్థాయికి చేరింది. ఈ పని రాజు ఒక్కడే చేయలేదు. సేనానులు, మంత్రులు, రాజకుటుంబంలోని స్త్రీలు కూడా చెరువులు కట్టించారు. రామప్ప ఆలయాన్ని 1213లో ప్రతిష్ఠించిన సేనాని రేచర్ల రుద్రుడే సమీపంలోని చెరువునూ నిర్మింపజేశాడని చెబుతారు. పాకాల శాసనంలో జగదాళ ముమ్మడి పేరు కనిపిస్తుంది. గణపతిదేవుని సోదరి మైలాంబ బయ్యారంలో తటాకాన్ని నిర్మింపజేసి, అక్కడ వేయించిన శాసనం కాకతీయుల వంశక్రమానికి ముఖ్య ఆధారాల్లో ఒకటిగా నిలిచింది. తటాక ప్రతిష్ఠను సప్త సంతానాల్లో ఒకటిగా భావించిన కాలమది.

స్థలం ఎంపికలోనే సగం విజయం

చెరువు ఖర్చంతా కట్టపైనే ఉంటుంది. తక్కువ కట్టతో ఎక్కువ నీటిని ఆపగల చోటును కనిపెట్టడమే అసలు నైపుణ్యం. పాకాల దీనికి మంచి ఉదాహరణ. మూడు వైపులా గుట్టలున్న లోయకు నాలుగో వైపున దాదాపు రెండు వేల గజాల కట్ట వేశారు. వెనుక సుమారు 30 చదరపు కిలోమీటర్ల మేర నీరు నిలిచింది. లక్నవరంలో మూడు ఇరుకైన లోయలను చిన్న చిన్న కట్టలతో మూసివేస్తే చుట్టూ ఉన్న కొండలే మిగిలిన గోడలయ్యాయి. నేడు పర్యాటకులు చూస్తున్న దీవులన్నీ ఒకనాటి గుట్టల శిఖరాలే.

పాకాల నీరు మున్నేరు ద్వారా కృష్ణానదిని చేరుతుంది. రామప్ప, లక్నవరం చెరువుల నీరు గోదావరికి పోతుంది. అంటే ఒకే ఉమ్మడి జిల్లాలోని ఈ పెద్ద చెరువులు రెండు నదీ పరీవాహక ప్రాంతాలకు చెందినవి.

నాటి నిర్మాతలు ఎలా ఆలోచించేవారో తెలిపే మంచి ఆధారం కడప జిల్లా పోరుమామిళ్లలో ఉంది. విజయనగర రాజకుమారుడు భాస్కరుడు కట్టించిన చెరువు వద్ద 1369 నాటి శాసనం మంచి తటాకానికి పన్నెండు అంగాలను, తటాకానికి తగని ఆరు దోషాలను పేర్కొంది. జలశాస్త్రం తెలిసినవాడు, గట్టి నేల, దూరం నుంచి వచ్చే తియ్యని నీటి వాగు, కట్టను ఆనుకుని కొండ, దగ్గరలో రాతి గని, పని తెలిసిన కూలీలు ఆ అంగాల్లో కొన్ని. కట్ట నుంచి నీరు ఊరడం, చవిటి నేల, రెండు రాజ్యాల సరిహద్దు, చెరువు మధ్యలో మిట్ట, నీరు తక్కువై భూమి ఎక్కువ కావడం, నీరు ఎక్కువై భూమి తక్కువ కావడం దోషాలు. అక్కడ వెయ్యి మంది కూలీలు, నూరు బండ్లతో రెండేళ్లు పని జరిగిందని అదే శాసనం చెబుతోంది. కాకతీయుల తర్వాతి కాలం నాటిదైనా ఆ కొలబద్దతో చూస్తే పాకాల స్థల నిర్ణయం ఎంత నేర్పుతో జరిగిందో అర్థమవుతుంది.

కట్ట నిలిచే తీరు

పది మీటర్ల లోతున నీరు ప్రతి చదరపు మీటరుపై పది టన్నుల ఒత్తిడి కలిగిస్తుంది. నీటి లోతు పెరిగినకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి కట్ట పాదం వద్ద వెడల్పు ఎక్కువగా, పైన తక్కువగా ఉంటుంది. మట్టిని పొరలు పొరలుగా పోసి, తడిపి, దిమ్మిసతో గట్టిపరిచేవారు. నీటి వైపు వాలుపై పెద్ద రాళ్లు పేర్చడం వల్ల అలల తాకిడికి మట్టి కోసుకుపోదు.

మట్టి కట్టలోంచి కొద్దిపాటి నీరు ఊరడం సహజమే. ఊరిన నీరు తేటగా ఉన్నంతవరకు భయం లేదు. అది మట్టితో కలిసి బురదగా వస్తే లోపల దారి ఏర్పడుతున్నట్లు లెక్క. ఎలుకల బొరియలు, ఎండిన చెట్ల వేళ్లు వదిలిన ఖాళీలు ఇలాంటి దారులకు మూలం. దాన్నే జనం బుంగ పడటం అంటారు. సకాలంలో పూడ్చకపోతే కొన్ని గంటల్లోనే అది గండిగా మారుతుంది. కట్టపై పెద్ద చెట్లు పెరగనివ్వరాదన్న పాత నియమానికి కారణం ఇదే.

తూము: నీటికి తలుపు

చెరువు నుంచి పొలానికి నీరు పోయే మార్గం తూము. కట్ట అడుగున రాతితో కాలువ కట్టి, దాని ముఖద్వారం వద్ద రెండు రాతి స్తంభాలు నిలిపేవారు. వాటి మధ్య అడ్డంగా రాతి పలకలు ఉంటాయి. పలకల్లోని రంధ్రాల గుండా దిగిన బిరడా అడుగున ఉన్న రంధ్రాన్ని మూస్తుంది. దాన్ని పైకెత్తితే నీరు కాలువలోకి వస్తుంది. పాత చెరువుల్లో నీరు తగ్గినప్పుడు బయటపడే జంట స్తంభాలు ఈ తూములవే.

కట్టలో ఎక్కువ ప్రమాదం ఉన్న చోటు కూడా ఇదే. రాతి కాలువకూ చుట్టూ ఉన్న మట్టికీ మధ్య సందు ఏర్పడితే నీరు అక్కడి నుంచే దారి చేసుకుంటుంది. తూము ఎత్తడం, దించడం, ఏ మడికి ఎప్పుడు నీరివ్వాలో చూడటం నీరటి బాధ్యత. చెరువు బాగోగులు చూసేవారికి దశబంధ మాన్యం పేరిట భూమినిచ్చే పద్ధతి శాసనాల్లో కనిపిస్తుంది. నిర్మాణంతోపాటు నిర్వహణకూ ఆదాయ మార్గం చూపడం నాటి ఏర్పాటులోని ముందుచూపు.

మత్తడి: కట్టకు ప్రాణరక్ష

నిండిన చెరువులోంచి అదనపు నీరు పొంగిపోయే రాతి కట్టడాన్ని కోస్తాలో అలుగు, కళింగ అంటారు. ఇక్కడ మత్తడి అంటారు. చెరువు మత్తడి దుంకిందంటే ఊరికి పండుగ. ఇంజనీరుకు మాత్రం అది పరీక్షా సమయం. మట్టి కట్ట మీదుగా నీరు పారితే అది ఎంతోసేపు నిలవదు. అందుకే మత్తడి మట్టం ఎప్పుడూ కట్ట మట్టానికి తక్కువగా ఉండాలి. సాధారణంగా కట్ట చివర గట్టి రాతి నేల ఉన్న చోట దాన్ని నిర్మిస్తారు.

మత్తడిపై పారే నీటి లోతు రెట్టింపైతే బయటికిపోయే నీరు దాదాపు 2.8 రెట్లవుతుంది. వెడల్పు సరిపడా ఉండి, దిగువన దారి తెరిచి ఉంటే పెద్ద వరదను కూడా మత్తడి తట్టుకోగలదు. ఈ రెండింటిలో ఏది లోపించినా భారం కట్టపై పడుతుంది.

గ్రామాల్లో తగాదాలకూ మత్తడే కేంద్రం. ఆయకట్టు రైతులు మరికొంత నీరు నిలవాలని మత్తడిపై ఇసుక బస్తాలు వేస్తారు. శిఖం భూముల్లో సాగు చేసుకునేవారు నీటి మట్టం తగ్గాలని కోరుకుంటారు. ఒకరి కోరికతో కట్టకు ముప్పు, మరొకరి కోరికతో ఆయకట్టుకు కరువు. మత్తడి ఎత్తు అందరికీ కట్టుబాటుగా ఉన్న ఊళ్లలోనే చెరువులు నిలిచాయి.

గొలుసులో ఒక కొండీ తెగితే

పెద్ద చెరువుల కన్నా విస్తృతమైనది గొలుసుకట్టు చెరువుల వ్యవస్థ. పై చెరువు మత్తడి నీరు కింది చెరువుకు, దాని నీరు ఆ కింది దానికి చేరుతుంది. వాన నీరు ఒకేసారి ఊళ్ల మీద పడకుండా అంచెలంచెలుగా నిలుస్తుంది. అయితే పై చెరువుకు గండి పడితే ఆ నీరంతా కింది చెరువు మీదికి వస్తుంది. మత్తడి దానికి చాలకపోతే వరుసగా కట్టలు తెగుతాయి.

2023 జులై 26, 27 తేదీల మధ్య ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వర్షం కురిసింది. అంతటి వాన 44 చదరపు కిలోమీటర్లపై కురిసి నీరంతా పారితే ఒక టీఎంసీ అవుతుంది. ఆ వరదల్లో భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి గ్రామాన్ని వాగు ముంచెత్తింది. అదే నెల 29న వరంగల్ నగరంలోని భద్రకాళి చెరువు కట్టకు పోతననగర్ వైపు గండి పడి, దిగువ కాలనీల ప్రజలు ఇళ్లు వదలాల్సి వచ్చింది. కాకతీయుల నాటి చెరువు, ఆధునిక నగరం పక్కపక్కనే ఉన్నప్పుడు చెరువు భద్రతే నగర భద్రత అన్న సంగతి ఆ రోజు స్పష్టమైంది.

హనుమకొండలోని నయీంనగర్ నాలాది మరో పాఠం. 2020 ఆగస్టు వరదల్లో పరిసర కాలనీలు మునిగాయి. నాలాపై పాత వంతెనను 2024లో తొలగించి కొత్తది నిర్మించారు. వంతెన కింది ఖానాల వెడల్పు కూడా మత్తడి వెడల్పు లాంటిదే. చెరువు నుంచి వచ్చే నీటిని అది దాటనివ్వకపోతే వంతెనే అడ్డుకట్టగా మారుతుంది.

పూడిక లెక్క

వాగులు నీటితోపాటు మట్టినీ తెస్తాయి. 30 చదరపు కిలోమీటర్ల చెరువులో ఒక్క సెంటీమీటరు పూడిక చేరితే మూడు లక్షల ఘనపు మీటర్లు. ట్రాక్టరు ట్రాలీకి మూడు ఘనపు మీటర్ల చొప్పున లక్ష ట్రిప్పులు కావాలి. అందుకే పెద్ద చెరువుల్లో పూడిక తీయడం కన్నా పై అడవిని కాపాడి మట్టి రాకుండా చూడటమే చౌకైన మార్గం. పాకాల చుట్టూ ఉన్న అభయారణ్యం వన్యప్రాణులతోపాటు చెరువుకూ రక్షణే.

చిన్న చెరువుల సంగతి వేరు. వాటి పూడిక మట్టిని రైతులు పొలాలకు తోలుకోవడం పాత అలవాటు. నిజాం కాలంలో 20వ శతాబ్ది తొలి దశాబ్దాల్లో పెద్ద చెరువులకు మరమ్మతులు జరిగాయి. రాష్ట్రం ఏర్పడ్డాక 2015 మార్చిలో ప్రారంభమైన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువులను లెక్కించి, దశలవారీగా పునరుద్ధరణ చేపట్టింది.

గోదావరితో కొత్త బంధం

పాత చెరువులకు ఇప్పుడు కొత్త నీరు తోడైంది. 1963 జులై 26న ప్రధాని నెహ్రూ పోచంపాడు వద్ద శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ నుంచి కాకతీయ కాలువ కరీంనగర్ దిగువ మానేరు మీదుగా వరంగల్ ప్రాంతానికి వస్తుంది. దేవాదుల ఎత్తిపోతల పథకం ములుగు జిల్లా గంగారం వద్ద గోదావరి నీటిని తోడి, తపాసుపల్లి జలాశయం వరకు నాలుగు వందల మీటర్లకు పైగా ఎత్తుకు చేర్చేలా రూపొందింది. రామప్ప, ధర్మసాగర్ వంటి చెరువులు ఈ పథకంలో నడుమ జలాశయాలయ్యాయి. రామప్ప నుంచి పాకాలకు నీటిని మళ్లించే పనులూ చేపట్టారు. గోదావరి నీరు ఇలా కృష్ణా పరీవాహకంలోని చెరువును చేరుతుంది.

ఇందులో ఒక జాగ్రత్త అవసరం. ఎత్తిపోతల నీటితో చెరువును ముందే నింపి ఉంచితే ఆపై వచ్చే వరదను ఆపేందుకు చోటు మిగలదు. వానాకాలంలో ఎంత నింపాలి, ఎప్పుడు ఖాళీ ఉంచాలి అన్నది ఇకపై నీరటి ఒక్కడు తేల్చగల విషయం కాదు. వాన సమాచారం, పంపుల నిర్వహణ, మత్తడి సామర్థ్యం మూడింటినీ కలిపి చూడాలి.

చెరువు తెగిందంటే సాధారణంగా వానను నిందిస్తాం. వాన మన చేతిలో లేదు. కట్టపై చెట్లు, మూసుకుపోయిన మత్తడి కాలువ, శిఖంలో లేచిన ఇళ్లు, కాపలా లేని తూము మాత్రం మన చేతిలోవే. వానాకాలానికి ముందు ఈ నాలుగింటిని చూసుకున్న ఊరికి చెరువు అండగా ఉంటుంది.

ఏ చెరువు ఎక్కడ?

పాకాల: వరంగల్ జిల్లా, నర్సంపేట సమీపం. నీరు మున్నేరు ద్వారా కృష్ణకు.

రామప్ప: ములుగు జిల్లా, పాలంపేట. పక్కనున్న ఆలయానికి 2021 జులై 25న యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు లభించింది.

లక్నవరం: ములుగు జిల్లా, గోవిందరావుపేట సమీపం. దీవులను కలుపుతూ ఇనుప తీగల వేలాడే వంతెన ఉంది.

గణపసముద్రం: జయశంకర్ భూపాలపల్లి జిల్లా, గణపురం. దగ్గరలోనే కోటగుళ్లు ఉన్నాయి.

బయ్యారం: మహబూబాబాద్ జిల్లా. మైలాంబ శాసనంతో ప్రసిద్ధం.

భద్రకాళి: వరంగల్ నగరం. ధర్మసాగర్, వడ్డేపల్లి చెరువులతోపాటు నగర తాగునీటికి ఆధారంగా నిలిచింది.