పలక కొట్టినోళ్ల చెవులు
(మన వాయిద్యాల చరిత్ర - 6)



చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని సామెత. కొట్టీ కొట్టీ చెవిటివాడైనోడి మీద మాత్రం సామెత లేదు. చరిత్రా లేదు.

మా తాత పులికాట్ ఒడ్డు పల్లెల్లో పలక కొట్టేవాడు. అరవై దాటాక ఎదురుగా నిలబడి అరిస్తే తప్ప పలికేవాడు కాదు. ఊరోళ్లు "చెవిటి ముసలోడు" అన్నారు. మేమూ వయసనే అనుకున్నాం. డప్పు మీద వచ్చిన కవిత్వం చదివి డాక్టరేట్ తెచ్చుకున్న నాకు కూడా, అది పని చేసిన గాయమని తోచలేదు.

పులికాట్‌కు ఇటు పలక, అటు తమిళ ఒడ్డున పరై. వెలివేసినవాణ్ని ఇంగ్లీషోళ్లు 'పారియా' అంటారే, ఆ మాట ఈ పరై నుంచే పోయింది. వాయిద్యం పేరు కులమైంది, కులం పేరు తిట్టయింది. చావుకీ జాతరకీ చాటింపుకీ పలక కావాలి, కొట్టినోడు మాత్రం గుడి బయటే. చాలా ఊళ్లలో అది వెట్టి. వెట్టికి పనిగంటలుండవు. శవం లేచేదాకా, అమ్మోరు ఊరు తిరిగేదాకా కొట్టాల్సిందే.

పనివల్ల చెవుడొస్తుందని లోకానికి తెలియక కాదు. 1700లోనే ఇటలీ వైద్యుడు రామజ్జినీ, రాగి సాగగొట్టే కార్మికులు ముసలితనానికి చెవిటివాళ్లవుతారని పుస్తకంలో రాశాడు. మన 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూల్లోని జబ్బుల జాబితాలో శబ్దంవల్ల వచ్చే చెవుడూ చేరింది. కానీ జాతర వీధి ఫ్యాక్టరీ కాదు కదా! 2000లో శబ్ద కాలుష్య నిబంధనలొచ్చాయి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆంక్షలు పెట్టాయి. అవి తలచుకున్నది నిద్రపోయేవాడి చెవిని. కొట్టేవాడి చెవి అక్కడా లెక్కలోకి రాలేదు.

లండన్‌లో 2012లో రాయల్ ఒపేరా హౌస్ రిహార్సల్‌లో వయోలా వాయించే క్రిస్టఫర్ గోల్డ్‌షైడర్‌ను ఇత్తడి వాయిద్యాల ముందు కూర్చోబెట్టారు. చెవులు దెబ్బతిన్నాయి. కోర్టుకెళ్లాడు, 2018లో గెలిచాడు. కళ అందంగా ఉందని యజమాని బాధ్యత పోదని ఆ తీర్పు సారం. మన పలకోడికి యజమాని ఎవరు? ఊరంతా! అంటే ఎవరూ కాదు.

ఆంధ్రలో డప్పు కళాకారులకు పింఛను వచ్చింది, 2024 నుంచి నెలకు 4,000. మంచిదే. అది ముసలితనానికి ఆసరా, చెవికి రక్షణ కాదు.

చెవి లోపలి సన్నటి వెంట్రుక కణాలు చస్తే మళ్లీ మొలవవు. 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు హద్దయితే, 100 దగ్గర పావుగంటే. ముందు పోయేవి సన్నని శబ్దాలు: పసిపిల్లల గొంతు, మాటల్లో స, ష. తర్వాత చెవిలో హోరు. దూది పెట్టుకుంటే ఆగదు. ఫోమ్ ఇయర్‌ప్లగ్గులు తక్కువ ధరకే దొరుకుతాయి. తాళం చెడకుండా శబ్దాన్ని సమంగా తగ్గించే రకాలూ ఉన్నాయి. డీజే స్పీకర్ ముందు నిలబడొద్దు, వంతులేసుకుని కొట్టండి, ఏటా చెవి పరీక్ష చేయించుకోండి.

డప్పు ఆపమని కాదు నేననేది. 1994 జూలై 7న ఈదుమూడిలో దండోరా ఉద్యమం మొదలయ్యాక, వెట్టి చాటింపు కొట్టిన ఆ డప్పే మన హక్కుల చాటింపయింది. మన సభల్లో ముందు వరుసలో గంటలకొద్దీ కొట్టేది మన పిల్లలే. ఊరు చేసిన తప్పు మన ఉద్యమమూ చేయకూడదు.

ఒక పని చేయండి. మీ వాడలో పలక కొట్టిన పెద్దాయన పక్కన కూర్చోండి. ఎన్నేళ్లు కొట్టాడు, ఎప్పట్నుంచి వినపడటం తగ్గింది, రాసుకోండి. గట్టిగా అడగాల్సి వస్తుంది. విసుక్కోకండి.